ఉప్పళంలో ఒక పూట మర్యాద

పుదుచ్చేరికి జనం సముద్రం చూడ్డానికి పోతారు. నేను మా చెల్లెలి నోరు కట్టడానికి పోయాను.

మా సరోజ కాపురానికి వెళ్లి ముప్పై ఏళ్లయింది. పుదుచ్చేరి ఉప్పళంలో ఇడ్లీ కొట్టు నడుపుతుంది. వచ్చిన ప్రతి మనిషినీ కన్నా, బంగారం, చెల్లం అంటుంది. చెల్లం అంటే అరవంలో ముద్దుగా పిలవడం. పేరడగడం దానికి చేతకాదు. పోయిన వారం ఒక ఆఫీసరు, కింది ఉద్యోగుల ముందు తనను చెల్లం అన్నందుకు క్షమాపణ రాసివ్వాలనీ, లేకుంటే కొట్టు లైసెన్సు సంగతి చూస్తాననీ కాగితం పంపాడు. "ఏం జేసేది అక్కా, మీరే రండి" అని ఫోన్లో ఏడ్చింది. నిజం చెప్పాలంటే నేను ఆఫీసరు పక్షమే. ముప్పై ఆరేళ్లు బడిలో మేడమ్ అనిపించుకున్న దాన్ని, దారినపోయేవాళ్లు వరసలు కలిపితే నాకు ఒళ్లు మండుతుంది.

ఉదయం ఆరున్నరకు నెల్లూరులో రైలెక్కితే పదింటికి చెన్నై. తిండివనం మీదుగా పోయే బస్సులు ఇప్పుడు ఊరిబయట కిలాంబాక్కంలో ఎక్కాలి, గుర్తుంచుకోండి. మూడింటికి పుదుచ్చేరిలో దిగగానే పూలమ్మే ఆవిడ "మూర తీసుకో కన్నూ" అంది. నేను నీ కన్నును కాదన్నాను. "సరే తంగం" అని నవ్వింది. తంగమన్నా బంగారమే.

సాయంత్రం బీచి రోడ్డులోకి బండ్లు రానివ్వరు, నడవడానికి బాగుంటుందట. నేను చూడలేదు. సరోజను పీట మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "ఇడ్లీ కావాలా సార్" అను. "ఇడ్లీ కావాలా సార్ కన్నా" అంది. మళ్లీ అను. నేను ఇరవై ఒకటో ఏట టీచరైనప్పుడు ఇది నా క్లాసులోనే ఐదో తరగతి. అందరి ముందు నన్ను అక్కా అన్నదని బెంచీ ఎక్కించాను. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా నన్ను మీరు అంటుంది. అది గౌరవమేననుకుని ఇన్నేళ్లూ గడిపేశాను.

పాఠం చాలదని అట్టముక్క మీద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో బోర్డు రాశాను: "ఇక్కడ అందరినీ సార్, మేడమ్ అని మాత్రమే పిలుస్తారు." పొద్దున ఆరింటికి వాకిట్లో తగిలించాను. నాకు తట్టనిది ఒకటుంది. ఆ వీధిలో సగంమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు.

ఏడింటికల్లా అది అమ్మకం బోర్డని, సరోజ కొట్టు అమ్మేస్తోందని ఉప్పళమంతా పాకింది. పిళ్ళైచావడి నుంచి చేపలు తెచ్చే ముసలాయన బోర్డు కేసి చూసి, "ఎవురికి అమ్మినావు సరోజా? నువ్వు యాడికి పోతావు?" అన్నాడు. "ఏం లేదు సార్, ఇడ్లీ తినండి సార్" అంది. ఆ సార్ మాటతో ఆయనకు అమ్మకం ఖాయమైపోయింది. ఆటో నడిపే అతను "నన్ను సార్ అంటాండావే, నేనేం తప్పు చేసినానక్కా" అని ప్లేటు అక్కడే పెట్టి పోయాడు. పక్కింటి ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది. పదిన్నర దాకా నిలవని ఇడ్లీలు ఆరోజు సగం అలాగే చల్లారిపోయాయి.

ఎనిమిదిన్నరకు ఆఫీసరు ఒంటరిగా వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. "రండి సార్, కూర్చోండి సార్" అంది సరోజ. వీధి ఊడ్చే ఆయన్నీ అదే గొంతుతో అలాగే పిలిచింది. ఆఫీసరు రెండు ఇడ్లీలు తిని చేయి ఆపేశాడు. అరవంలో ఏదో గొణిగాడు.

"ఏంది అంటాడు?" అన్నాను.

"రోజూ నాలుగు తింటాడంట. ఈరోజు దిగలేదంట."

ఆయన తన ఫిర్యాదు నకలు జేబులోంచి తీసి, దాని వెనక రాసి, సంతకం పెట్టి తేదీ కూడా వేశాడు. సరోజ చదివి వినిపించింది. ఆఫీసువాళ్లు వెంట ఉంటే సార్. ఒంటరిగా వస్తే పాత పద్ధతి.

"సరే చెల్లం" అంది సరోజ.

ఆయన వీధి అటూ ఇటూ చూసుకుని ఇంకో రెండు ఇడ్లీలు అడిగాడు. నేను లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. బోర్డు నేనే పీకేశాను.

పదకొండింటి బస్సుకు సరోజ పెరుగన్నం పొట్లంతో బస్టాండుకు వచ్చింది. "జాగ్రత్తగా పోండి అక్కా" అని దూరంగా నిలబడింది. తర్వాత కిటికీలోంచి నాకు వినబడేలా, మునుపెన్నడూ చూడని కండక్టరుతో, "బంగారం, మా అక్కను కిలాంబాక్కంలో చూసి దించు" అంది.

అరవై రెండేళ్లదాన్ని, ఆ కండక్టరు మీద నాకు కుళ్లు పుట్టింది. ఊరుకుందామనుకున్నాను. తిండివనం దాకా ఊరుకున్నాను. ఆపైన ఫోన్ చేశాను.

"ఏమే, ఊరందరినీ అంటావు, నన్నెప్పుడైనా అన్నావా?"

"మీకు కోపమొస్తాదని" అంది.

"రాదు. ఒకసారి అను."

"పక్కన ఎవురన్నా ఉండారా అక్కా?"

"బస్సు నిండా ఉన్నారు."

"అయితే ఇంటికి పోయినంక ఫోన్ చేయండి. అంటాను."

నెల్లూరు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. బస్సు టీ కోసం ఆగింది, డ్రైవరు తీరిగ్గా ఊదుకుని తాగుతున్నాడు. కండక్టరును పిలిచి, "కాస్త తొందరగా పోనివ్వమను బంగారం" అన్నాను.