ఆరో పేజీ, తొమ్మిదో వచనం

మా అత్త కడుపులో రాళ్లున్నాయని స్కానింగులో తేలిన ఏడాదే, మా చుట్టుపక్కల రాళ్లు అమ్ముకున్నవాళ్లంతా కార్లు కొన్నారు. "అందరికీ కొండల్లో దొరికితే నాకు కడుపులో దొరికినాయి" అని ఆమె తన మీద తనే నవ్వుకునేది.

మేం అప్పుడు బళ్లారి పక్క కూరెకుప్పలో అద్దెకుండేవాళ్లం. గనులు ఊపు మీదున్న రోజులు. ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని మా కిటికీ ముందు నుంచే పోయేవి. మా ఆయన ఒక గని కంపెనీ ల్యాబులో పనిచేసేవాడు. లారీలోంచి తీసిన రాయిని పొడి కొట్టి, అందులో ఇనుమెంత, మట్టెంత అని చెప్పడం ఆయన ఉద్యోగం. నేను తోరణగల్లు దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసులో టైపు పనికి కొత్తగా చేరాను. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. మా అమ్మ కంప్లిలో ఒక్కతే ఉండేది. నాన్న గానీ మామ గానీ అప్పటికి లేరు.

అత్తకు నొప్పి రెండుసార్లు వచ్చింది. కుడి డొక్కలో మొదలై వీపులోకి పాకేది. రెండోసారి చలిజ్వరం కూడా తోడైంది. బళ్లారి డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. పిత్తాశయానికి చీము పడుతోందట, తీసెయ్యాలట, ఎక్కువ కాలం నానిస్తే ప్రాణం మీదికొస్తుందట. అత్త సొంత అక్క ఇదే నొప్పితో పోయింది. అది తెలిసీ అత్త ఆపరేషన్ వద్దంది. గనుల డబ్బు కళ్లజూసిన ఊళ్లలో ఆస్పత్రి రేట్లు కూడా గనుల రేట్లే. మాకున్నదల్లా ఇల్లు కట్టుకుందామని కొన్న చిన్న స్థలం.

"నా తిత్తి కోసం నా కొడుకు జాగా అమ్మాల్నా? నేనింక ఎన్నాళ్లుంటాననీ?" అనేది.

ఆ మాట వింటే నాకు ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది. నేను పోతే పోతానులే అని అంత తేలిగ్గా అనేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపమే. ఆమెను ఎలాగైనా ఆపరేషన్ బల్ల ఎక్కించాలి, స్థలం అమ్మకుండా ఎక్కించాలి. అప్పట్లో నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

అలాంటప్పుడు ఇంటికి ఏజెంటొచ్చాడు. మొన్నటిదాకా ఎరువులమ్మిన మనిషి, గనులొచ్చాక ఆరోగ్య బీమాలోకి దిగాడు. నున్నటి కాగితం మీద అచ్చేసిన పుస్తకం ఒకటి తెచ్చి మాకు అరచేతిలో వైకుంఠం చూపించాడు. పెద్ద మొత్తం, పెద్ద ఆస్పత్రులు, ఏసీ గది, ఏటేటా కట్టుకుంటూ పోతే బతికినంత కాలం నడుస్తుందట. ఇంట్లో రాళ్ల సంగతి చెప్పగానే గొంతు తగ్గించాడు.

"పాత జబ్బులకు నాలుగేండ్లు ఆగాల అక్కా. అది మాత్రం ఫారంలో రాయొద్దు. మూడు నెలలు గమ్మునుండి, అప్పుడే తెలిసినట్టు చేర్పిస్తే అయిపాయ."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పెన్ను తీశాను. అడ్డుపడింది అత్తే.

"ఏమప్పా, అబద్ధం రాసి దాని కింద నేను సంతకం పెట్టాల్నా? రేపు స్కానింగు వాళ్ల చేతిలో పడితే నన్ను లోపలికి రానిస్తారా?"

అతను నవ్వి, అందరూ అట్లే చేస్తారన్నాడు. "అందర్నీ రానిస్తారా?" అని మళ్లీ అడిగింది. అతను లేచాడు. పుస్తకం వదిలి, ఆదివారం తర్వాత వస్తానని వెళ్లిపోయాడు.

నిజానికి మా ఆఫీసులో చేరిన రోజే నా చేతిలో ఇంకో బీమా కాగితం పెట్టారు. ఉద్యోగులందరికీ కలిపి కంపెనీ తీసుకున్నది. పిన్నులు కొట్టిన పది తెల్లకాగితాలు, బొమ్మలూ రంగులూ లేవు. ఇంగ్లీషు నాకొచ్చు, ఆఫీసు మనిషిని, నాకొకరు చెప్పాలా అన్న మిడిసిపాటుతో పైపైన తిప్పాను. ఆరో పేజీలో 'ఈ కింది వాటికి వర్తించదు' అన్న శీర్షిక, దాని కింద పాత జబ్బుల పేరు కనబడ్డాయి. ఇదీ అంతేలే అని పక్కన పడేశాను. ఇంట్లోవాళ్లను చేర్చుకోవాలంటే నెలలోపు ఫారం నింపి ఇవ్వాలన్నారు. అందులో మూడు వారాలు అప్పటికే అయిపోయాయి.

ఆ వారం మా అమ్మ కొత్త బియ్యం మూట పట్టుకుని కంప్లి నుంచి బస్సులో వచ్చింది. సాయంత్రం అన్నాలు కాకముందే అత్త రెండు బీమా కాగితాలూ తెమ్మని చాప పరిచింది.

"బైబిలు చదివినట్టు చదువుదాం" అంది.

మాది పాతకాలం మిషను సంఘం. ఇళ్లల్లో కూడిక జరిగితే అందరూ వరసగా కూర్చుని తలా ఒక వచనం చదవాలి. నోరు తిరగని పేర్లతో వంశావళులొచ్చినా సరే, దాటెయ్యడానికి వీల్లేదు. చదివినవాళ్లు దాని అర్థం కూడా చెప్పాలి. ఆ రోజు ఇంగ్లీషు చదివింది మా ఆయనా నేనూ. తెలుగులో విప్పి చెబితే, అత్తా అమ్మా తిరిగి వాళ్ల మాటల్లో అప్పజెప్పారు. అర్థం కాకపోతే అత్త ముందుకు పోనిచ్చేది కాదు. 'ఇరవై నాలుగు గంటలు ఆస్పత్రిలో ఉంటేనే' అన్న ఒక్క ముక్క దగ్గరే పావుగంట ఆగాం. నాకు విసుగొచ్చింది. "ఇదంతా ఊరికే, సుమ్నే రాస్తారు అత్తా" అన్నాను. "సుమ్నే రాసినోడు సుమ్నే ఇస్తాడా?" అంది.

ఆఫీసు కాగితంలో ఆరో పేజీ వచ్చేసరికి నా వంతు. "పాత జబ్బులకు నాలుగేళ్లు ఆగాలి, రాళ్ల ఆపరేషన్లకు రెండేళ్లు ఆగాలి. అంతే" అని ఆపాను.

"చుక్క పెట్టినాడా ఆడ?" అని అడిగింది అత్త.

చూస్తే పెట్టలేదు. వాక్యం కింది వరసలోకి దిగింది. తొమ్మిదో నంబరు చివర చీమకాళ్ల అక్షరాల్లో ఇంకా ఉంది: పైన చెప్పిన ఆగే కాలాలేవీ ఈ గుంపులో చేరిన ఉద్యోగులకూ వాళ్ల కుటుంబాలకూ చెల్లవు. నేను మూడుసార్లు చదివాను. మా ఆయన లాక్కుని తను చదివాడు. చేరిన మొదటి రోజు నుంచే అత్త రాళ్లకు డబ్బొస్తుంది. మూడు వారాలుగా ఆ మాట మా బియ్యం డబ్బా మీదే పడుంది.

"సగం వచనం చదివితే సైతాను మాట అయితాది మ్మా" అంది అత్త. నన్ను ఎవరైనా ఎత్తిపొడిస్తే ఊరుకునే రకం కాదు నేను. ఆ రోజు మాత్రం తల వంచుకుని పేజీ తిప్పాను.

ఆ సంతోషం ఒక పేజీ కూడా నిలవలేదు. ఏడో పేజీలో ఇంకో వచనం ఉంది. ఉద్యోగి తన తల్లిదండ్రులను గానీ, అత్తమామలను గానీ చేర్చుకోవచ్చు. రెండు వైపులా కుదరదు. ఒకసారి రాశాక మార్చడానికీ వీల్లేదు.

ముందు తేరుకున్నది అత్తే. "ఉద్యోగం నీది, నీ తల్లిని రాయి. కన్నది ఆమె" అంది. మా అమ్మ గయ్యిమంది. "నాకేం రోగమని వదినా? గుండ్రాయిలాగుండా. నిన్నే రాయమను." ఇద్దరూ ఒకరికొకరు వడ్డించుకుంటూ ఎవరూ తినని అన్నంలా తయారైంది నా ఫారం. నాకు లోపల కోతగా ఉంది. అత్తకు అవసరమని తెలుసు. కానీ రేపు మా అమ్మకేమైనా అయితే, ఉద్యోగం చేసే కూతురుండి తల్లి పేరు రాయలేదన్న మాట నన్ను బతికినంత కాలం తింటుంది. ఆ రెండు రోజులూ ఫారం నా సంచిలో ఆఫీసుకు పోయి వచ్చింది.

మూడో రోజు మా ఆయన ఒక కాగితం మధ్యలో గీత గీశాడు. ఒక పక్క ఏజెంటుది, ఒక పక్క మా ఆఫీసుది. ఆఫీసుది చిన్న మొత్తం, నేను ఉద్యోగం మానిన రోజే అదీ పోతుంది, ఆస్పత్రుల జాబితా పొట్టి. కానీ పాత జబ్బుకు ఆగక్కర్లేదు. ఏజెంటుది పెద్ద మొత్తం, ఎవరి ఉద్యోగంతోనూ పనిలేదు, బతికినంత కాలం నడుస్తుంది. కానీ పాత జబ్బుకు నాలుగేళ్లు. ఆయన రాయిని తూచినట్టు రెండు పక్కలా చూస్తుంటే, నేను ఆ నాలుగేళ్ల దగ్గర ఆగిపోయాను. పాత జబ్బు ఉన్నవాళ్లకు కదా ఆ నాలుగేళ్లు? మా అమ్మకు పాత జబ్బెక్కడిది? అత్తకు గోడైన ఆ షరతు మా అమ్మకు గడప కూడా కాదు. ఏది మంచిదని అడుగుతూ కూర్చున్నాం, ఎవరికి మంచిదని అడగాల్సింది పోయి.

నేను నిజంగానే లేచి గంతేశాను. ఆఫీసుది అత్తకు, ఏజెంటుది అమ్మకు.

ఆదివారం తర్వాత వచ్చిన ఏజెంటును చాప మీద కూర్చోబెట్టి, అతని నున్నటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి అతనితోనే వచనం వచనం చదివించాం. "నేనే ఎప్పుడూ ఇంత చదవలేదప్పా" అన్నాడు చెమట తుడుచుకుంటూ. వయసును బట్టి పరీక్షలు చేయించాలన్నాడు. రక్తం, గుండె, షుగరు అన్నీ సరిగ్గా ఉన్నాయని కాగితం వచ్చాక మా అమ్మ దాన్ని కంప్లిలో వీధంతా చూపించింది. పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినదానికి కూడా అంత గర్వం ఉండదు.

అత్త పేరు రాసిన కార్డు వచ్చిన పదిరోజులకు మూడోసారి నొప్పొచ్చింది. మధ్యాహ్నం ఎండలో జీపు మాట్లాడుకుని బళ్లారికి తీసుకుపోయాం. కబురందుకుని మా అమ్మ కంప్లి నుంచి నేరుగా ఆస్పత్రికే వచ్చింది. అక్కడ బీమా కాగితాలు చూసేందుకు ఒక బల్ల, దాని వెనక టై కట్టుకున్న మనిషి. స్కానింగు తేదీ చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"ఆగల్ల అమ్మా, కుదరదు. హళే కాయిలె. పాత జబ్బు ఇది. నాలుగేళ్లు కావాలి. ముందు డబ్బు కట్టి చేర్చండి."

సంచిలో కాగితాలు వెతుకుతున్నాను, ఏదీ చేతికి దొరకదు. మా ఆయన గొంతు పెంచాడు, అతను ఇంకా పెంచాడు. అప్పుడు బెంచీ మీద మూడు మడతలైపోయి పడుకున్న అత్త కళ్లు తెరవకుండానే మాట్లాడింది.

"ఆరో పేజీ, తొమ్మిదో వచనం సూడప్పా. 'పైన చెప్పిన ఆగే కాలాలేవీ ఈ గుంపులో చేరినోళ్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ చెల్లవు.' చివరిదాకా సూడు. సగంలో ఆపొద్దు."

"వచనమేంది?" అన్నాడు అతను, బిత్తరపోయి.

ఇంగ్లీషు ముక్క రాని మనిషి, పేజీ నంబరుతో సహా కంఠతా పట్టింది. చిన్నప్పటి నుంచి ఎక్కడుందో చెప్పకుండా వచనం ఒప్పజెప్పే అలవాటు ఆమెకు లేదు. ఈలోపు నా చేతికి కాగితం దొరికింది. అతను వేలు పెట్టి చదివాడు, రెండోసారి చదివాడు, ఫోన్ తీశాడు. టీల వేళకు అనుమతి కాగితం వచ్చేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఆ రోజు తలదన్నింది నొప్పితో మెలికలు తిరుగుతున్న ముసలామె. ఆ వరండాలో గట్టిగా అరవాలనిపించింది నాకు. గెలిచామని అంత స్పష్టంగా నాకు అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

మరునాడు ఆపరేషన్ చేశారు. తిత్తి ఇంకో రెండు రోజులుంటే పగిలేదని డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆమెను రాసినావు, మంచి పని చేసినావు మ్మా" అంది. నా గుండెలో అప్పటిదాకా ఉన్న కోత అక్కడితో పోయింది.

ఇంటికి పంపే రోజు నర్సు రాళ్లను చిన్న సీసాలో వేసి తెచ్చిచ్చింది. రోజంతా రాళ్లు చూసే మా ఆయన ఆ సీసా పట్టుకుని గోడవైపు తిరిగి ఏడ్చాడు. "ఏరా, దాంట్లో ఇనుమెంత ఉండాది?" అని అడిగింది అత్త మంచం మీద నుంచి. ఏడుస్తూనే నవ్వాడు.

ఆస్పత్రి ఆయా చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. అత్త దాన్ని ఎగాదిగా చూసి, బేడ, వద్దంది. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి నా భుజం మీద పెట్టుకుని వరండా పొడవునా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. బీమా బల్ల దగ్గర ఆగి, "వందనాలు నాయనా" అంది. టై మనిషి లేచి నిలబడ్డాడు. గేటు దగ్గర ఊపిరి తీసుకోవడానికి మళ్లీ ఆగింది.

"నిజం సెప్తాండా మ్మా. ఆ పొద్దు ఇంట్లోనుంచి వచ్చేటప్పుడు, నన్ను నలుగురు మోసుకుపోతారనే అనుకుంటి. ఇప్పుడు సూడు, నడుస్తాండా."

ఆమె నా భుజం మీది చెయ్యి తీసేసి, "ఆటో యాడ?" అని అడిగి, నాకంటే ముందు రోడ్డు మీదికి నడిచింది.