గాలికి సెలవు పెట్టని తులసమ్మ టీచరు

మొన్న సోమవారం పొద్దున కుప్పంలో పల్లెబడులకు బయలుదేరిన పంతులమ్మలు సైకిళ్లు పట్టుకుని వీధి చివర చాలాసేపు నిలబడ్డారట. రోజూ తమకంటే ముందే వచ్చి నిలబడే పెద్ద టీచరమ్మ ఆ పొద్దు రాలేదు. ఆమె రాని రోజంటూ వాళ్లెరగరు. అందుకే ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆమె ఇంటివైపు మళ్లారు. మా తులసమ్మగారు రాత్రి నిద్రలోనే పరమపదించారు.

తంతి పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. నేను నమ్మలేదు. తెచ్చినాయన మీద మండిపడ్డాను కూడా, పాపం ఆయనేం చేస్తాడు! వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చి, సంగటి తిని, పోతూపోతూ నా సైకిలు వైపు చూసి, "ఇది చెయినా, తుప్పు పట్టిన తాడా?" అని తిట్టిపోయిన మనిషి. అటువంటి మనిషి ఉన్నట్టుండి లేదంటే ఎవరు నమ్ముతారు?

ఆమెను ఎరగనివారికి నాలుగు మాటలు చెప్పాలి. తులసమ్మగారి జన్మస్థలం మదనపల్లె. తండ్రికి అద్దె సైకిళ్ల అంగడి ఉండేది. ఎవరూ అద్దెకు తీసుకోని డొక్కు సైకిళ్ల మీద ఆమె బాల్యంలోనే స్వారీ అభ్యసించారు. ఉపాధ్యాయ వృత్తి స్వీకరించి పుంగనూరు చేరాక ఆ విద్యను తనకోసమే దాచుకోలేదు. బస్సు సౌకర్యం లేని పల్లెల్లో ఉద్యోగాలొచ్చిన ఆడవాళ్లను సైకిలెక్కించడం, ఎక్కినవాళ్లను పన్నెండు మాసాలూ దిగనివ్వకపోవడం ఆమె జీవితవ్రతం. ఎక్కించడానికేముంది, నెల్లాళ్ల ముచ్చటకు ఎవరైనా తొక్కుతారు. ఆషాఢమాసపు గాలి మొహాన కొట్టినప్పుడు కదా అసలు సంగతి తేలేది!

డెబ్బయ్యో దశకం నడుమ, రామసముద్రం దోవలో ఒక పల్లెబడికి నన్ను వేశారు. ఉన్న ఒక్క బస్సూ బడిగంట కొట్టాక గానీ వచ్చేది కాదు. మా మామగారు సేద్యగాడు, ఆయన మాటంటే మాటే. "బస్సు లేని ఊర్లో ఆడకూతురికి ఉద్యోగం యాల? రాజీనామా రాసిచ్చేయమ్మా" అని తేల్చేశారు. సంగతి ఎవరు చేరవేశారో గానీ, ఆ సాయంత్రమే తులసమ్మగారు మా వాకిట్లో సైకిలు దిగారు.

"ఆడది సైకిలెక్కి రోడ్డు మింద పోతే నలుగురూ నవ్వరా టీచరమ్మా?" అన్నారు మామగారు.

"నవ్వనీప్పా. నెల దినాలు నవ్వితే వాళ్లకే ఇసుగు పుడతాది."

మామగారు మీసం దువ్వుకున్నారు. "సరే, ఉగాది దాకా సూస్తా. గాలని, వానని ఒక్క దినం ఇంట్లో కూసున్నా, ఆ పొద్దే రాజీనామా రాయాల. ఏమ్మా, ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాది" అన్నారు తులసమ్మగారు, నా మొహమైనా చూడకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. నా ఉద్యోగాన్ని పణం పెట్టడానికి ఈవిడెవరు అనుకున్నాను. ఆ పణమే లేకపోతే ఈ వ్యాసం రాయడానికి ఈ పంతులమ్మే ఉండేది కాదు.

ఆమె, సరోజ, మెహరున్నీసా, నేను. నలుగురివీ ఒకే దోవలోని బడులు. ఆమె పద్ధతి విచిత్రం. ఉద్బోధలు, ప్రోత్సాహ వచనాలు ఏమీ ఉండవు. పంపు నా సంచిలో, పంక్చరు సామాను సరోజ దగ్గర, స్పానర్లు మెహరున్నీసా దగ్గర, నలుగురికీ సరిపడా చట్నీ ఆమె క్యారియరులో. ఒకరు రాకపోతే మిగిలిన ముగ్గురికీ తిప్పలే. "ఎవరివి వాళ్ల దగ్గరే ఉంటే పోదా?" అని ఎదురడిగాను ఒకసారి. "అప్పుడు ఎవరికి ఎవరు కావాల పాపా?" అన్నారు. మామూలు రోజుల్లో అందరికంటే మెల్లగా తొక్కేవాళ్లే ముందుండాలి, తక్కినవాళ్లు ఆ వేగానికి లోబడాలి. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే మాత్రం ఆమే ముందు. ఆ వీపు చాటున మేము ముగ్గురం ఆపసోపాలు పడుతూ తొక్కేవాళ్లం.

"పోదామా వద్దా అని తెల్లారి ఆలోచించగూడదు పాపా. తెల్లారి వచ్చే ఆలోచన ఎప్పుడూ దుప్పటి పక్షానే మాట్లాడతాది" అనేవారు. గాలికి తాళలేక మేము సణిగితే ఇంకో మాట. "గాలికి సెలవు పెడితే వానకూ పెట్టాల. వానకు పెడితే ఎండకూ పెట్టాల. ఇంక బడికి పొయ్యేది ఎప్పుడు?"

కార్తీకంలో ముసురు పట్టింది. రెండు రోజులు తడుస్తూనే పోయొచ్చాం. మూడో నాటికి నా మోకాళ్లు పట్టుకుపోయాయి. లేచి కూర్చున్నాను గానీ సైకిలు మొహం చూడబుద్ధి కాలేదు. మామగారు వసారాలో కూర్చుని, "వాన బాగా జోరుగా ఉండాదే" అన్నారు. ఆ గొంతులో ఎంత సంతోషం! ఇక నా ఉద్యోగానికి నీళ్లొదలడమే అనుకున్నాను. అంతలో వీధిలో సైకిలు గంట.

"సరోజ టైరులో గాలి పోయిండాది. పంపు ఎత్తుకోని రా!"

నేను గడపలోంచే చెయ్యి చాచాను. "ఇదిగోమ్మా పంపు."

"పంపొక్కటే వస్తే ఏం జేసుకునేది? కొట్టేదానికి మనిషి కావద్దా?"

తిట్టుకుంటూ వానలోకి దిగాను. టైరు గట్టిపడేసరికి నిలువునా తడిసి ముద్దయ్యాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎట్లా తడిస్తివి గదా, పోదాం పా" అన్నారు. సైకిలు తీయక ఏం చేస్తాను?

ఆ టైరులో గాలి దానంతటది పోలేదని, మా వీధి మలుపులో టీచరమ్మే వాల్వు విప్పారని సరోజ చాలా ఏళ్లకు బయటపెట్టి పడీపడీ నవ్వింది. నేను పోయి ఆమెనే నిలదీశాను. ఆమె తొణకలేదు. "గాలిదేముంది, మళ్లీ కొట్టుకుంటిమి గదా. ఉద్యోగం పోతే యాడ తెచ్చేది?" అన్నారు.

ఉగాది నాడు పచ్చడి చేతిలో వేస్తుంటే మామగారు తలెత్తకుండా, "రేపు బడి ఉండాదా?" అని అడిగారు. "ఉండాది మామా" అన్నాను. "అట్లయితే పో" అన్నారు. రాజీనామా మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు.

తరువాత ఆమెకు కుప్పం బదిలీ అయింది. వయసు మీద పడింది, ఇక విశ్రమిస్తారనుకున్నాం. ఎక్కడ! అక్కడా ఇంటింటికీ తిరిగి కొత్త పంతులమ్మలను కూడగట్టారు. కొత్త మామలతో, కొత్త మొగుళ్లతో మళ్లీ అవే వాదాలు.

తంతి అందిన సాయంత్రమే నేనూ సరోజా పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సులు మారి కుప్పం చేరాం. మెహరున్నీసా మదనపల్లె నుంచి వచ్చింది. ముగ్గురం చిన్నపిల్లల్లా ఏడ్చాం. దహనక్రియ ముగిశాక కుప్పం పంతులమ్మల్లో అందరికంటే చిన్నది, సుగుణ, నా పక్కన చేరింది.

"ఇంక నాతో కాదక్కా. ఈ గాలిలో నన్ను లాక్కోని పొయ్యేదెవరు? ఉద్యోగం ఎప్పుడు మాన్పిద్దామా అని మా ఇంట్లో కాసుకోనుండారు."

నాకు ఏడుపు ఆగిపోయి కోపం ముంచుకొచ్చింది. "చితి ఆరకముందే ఆమె చేసిందంతా బూడిదలో పోస్తావా? రేపు పొద్దున సైకిలెత్తుకోని రా. నేనొస్తా నీ జతకు" అన్నాను.

ఆ ధన్యజీవికి ఎవరూ విగ్రహం పెట్టరు. పెట్టినా ఆమె ఒక్కచోట నిలబడే మనిషి కాదు. కాలం గాయాన్ని మాన్పుతుందని ఓదార్చేవాళ్లకు దండం. ఈ లోటు తీరేది కాదు, తీరుతుందని నాతో ఎవరూ అనవద్దు. ఆమె పాదాలకు నా సాష్టాంగ ప్రణామం.

మరునాడు నా బడికి సెలవు చెప్పి పంపి, ఆమె సైకిలు తీశాను. ఆమె పొడగరి, సీటు నాకు మరీ ఎత్తు. సుగుణ స్పానరు తెచ్చి దించుతానంది. నేను దించనివ్వలేదు. అరుగు మీద కాలు మోపి ఎక్కి, అందీ అందని పెడళ్లను మునివేళ్లతో తొక్కుకుంటూ గాలికి ఎదురెళ్లాను. నా వెనక సుగుణ సైకిలు చప్పుడు బడి దాకా వినబడుతూనే ఉంది.