అవ్వను మోసుకుపోయిన దారి

నేను బడికి పోలేదు. జమ్మలమడుగుకు దగ్గర్లోని మా ఊర్లో బడి పై వీధిలో ఉండేది, మా కాలనీ కింది వైపు. పై వీధిదొక పార్టీ, మాదొక పార్టీ. నేను పలక పట్టే వయసుకే రెండు వైపులా మనుషులు బాంబులకు బలైపోయినారు. ఆ తర్వాత మావాళ్లు పిల్లల్ని బడికి పంపలేదు. అమ్మే బైబిలు ముందర పెట్టుకుని నాకు అక్షరాలు దిద్దించింది. ప్రైవేటుగా పరీక్షలు రాసి, దూరవిద్యలో డిగ్రీ చేసి, చివరికి యూనివర్సిటీలో సామాజిక సమ్మిళిత విధానం చదవడానికి చేరినాను. అందరిదీ అయిన చోటికి ఎవరిని రానిస్తారు, ఎవరిని రానియ్యరు, దానికి ప్రభుత్వం ఏం చేస్తుంది, అదీ ఆ చదువు. దేవుని కృప వల్లనే నాకది దొరికింది.

ఫ్యాక్షన్ తగ్గిందని పేపర్లు రాస్తున్న రోజులవి. ఫీల్డ్‌వర్క్‌కు నేను మా కాలనీనే తీసుకున్నాను. మా క్రైస్తవుల సమాధుల తోట పై వీధి చివర ఉంది. ఆ దారి అందరిదీ అని మండలాఫీసువాళ్లే చెప్పినారు. అయినా మా మగవాళ్లు ఆ వీధిలో కాలు పెట్టరు. బాంబులు పడిన నాటి నుంచి మాలో చనిపోయినవాళ్లను వంక గట్టునే పూడుస్తున్నారు.

మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. ఆమె భర్త ఆ బాంబులకు ముందే జబ్బుతో పోయినందువల్ల సమాధుల తోటలో ఉన్నాడు. నేను ప్రశ్నలు అడగడానికి పోతే ఆమే నన్ను అడిగింది.

"ఏంది పాపా, రాసుకుంటాండావు?"

"సమాధుల తోట దారి గురించి అవ్వా."

"అయితే ఇది రాసుకో. నన్ను మీ తాత పక్కనే పెట్టాల. బతికినన్నాళ్లు ఆ మనిషితో కొట్లాడితి. ఇన్నేండ్లుగా కొట్లాడేవాళ్లు లేక తిక్కతిక్కగా ఉంటాదేమో ఆయనకు."

నవ్వబోయి దగ్గింది. "నీ సదువుతో అయితాదా?"

"ప్రార్థన చేస్తానవ్వా" అన్నాను.

ఆ ఎండాకాలంలోనే అవ్వ పోయింది. పులివెందుల దగ్గర అత్తగారింట్లో ఉన్న కూతురు, నేను అక్కా అని పిలిచే ఆమె, బస్సెక్కి వచ్చింది. అప్పటికే మగవాళ్లు వంక వైపు బయలుదేరుతున్నారు.

"మాయమ్మ సమాధుల తోట అడిగింది. ఆడికే తీసకపోతాం" అంది అక్క.

"పై వీధిలో పెట్టె మోసుకోని పోతే ఇంకో నాలుగు పెట్టెలు చేయించాల్సొస్తాది" అన్నాడు కాలనీ పెద్దమనిషి.

"మీరొద్దు. మేం మోస్తాం."

ఫ్యాక్షన్‌లో ఒక కట్టుబాటుంది. ఆడవాళ్ల జోలికి రారు. అందుకే ఆ వీధి దాటి బస్సుకు పోయినా, ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోయినా, కోర్టు పనైనా ఆడవాళ్లమే. కానీ పెట్టె మోయడం మా సంఘంలో ఎన్నడూ లేదు.

"ఆడోళ్లు పెట్టె మోస్తే మేం మా మొగాలు యాడ పెట్టుకోవాల?" అన్నాడాయన.

"ఇండ్లల్లో పెట్టుకోండి మామా. భుజాలు మాకుండాయి."

పాస్టరుగారూ మగమనిషే కదా, కాలనీ చివరనే ప్రార్థన ముగించి ఆగిపోయినారు. మేము పెట్టె ఎత్తుకున్నాం. పై వీధిలో ఒక్కొక్క తలుపూ మూసుకుంది. ఆ వైపు నాయకుని తల్లి మాత్రం అరుగు మీద నిలబడింది.

"ఎవురుమే పోయింది?"

అక్క చెప్పింది.

"మా ఇంట్లో శెనక్కాయలు ఒలిచేది. శానా నోరు ఆయమ్మకు" అంది ముసలామె. తర్వాత లోపలికి తిరిగి ఎవరితోనో, "ఆడోళ్లే. నువ్వు కూకో" అంది.

తోటలో అడుగుపెట్టినాక తెలిసింది. మోసే సంగతే మాట్లాడుకున్నాం గానీ, గుంత సంగతి ఎవరికీ తట్టలేదు. గుంత ఎప్పుడూ మగవాళ్లు ముందుగా పోయి తవ్వి ఉంచేది. ఇద్దరు వెనక్కి పరుగెత్తి గడ్డపారలు తెచ్చినారు. తాత సమాధి పక్కనే వంతులవారీగా తవ్వినాం. మోకాలి లోతుకు నాపరాయి తగిలింది. మా దెబ్బలకు పెచ్చు కూడా లేవలేదు.

తోట గోడ మీద పై వీధి మగవాళ్లు కూర్చుని చూస్తున్నారు.

"దానికి సమ్మెట కావాల" అన్నాడొకడు, లేవబోతూ.

"నీకెందుకురా?" అన్నాడు పక్కవాడు. మొదటివాడు మళ్లీ కూర్చున్నాడు.

"వంకకు తీసకపోదామా?" అని అమ్మ మెల్లగా అడిగింది. అక్క తన నాయన సమాధి వైపు చూసింది. "ఈడనే పెడదాం" అంది.

పెట్టె మూతకూ నేలకూ జానెడు కూడా తేడా లేదు. ప్రార్థన చేసేవాళ్లు లేక అందరూ నా వైపు చూసినారు. అమ్మ నేర్పిన కీర్తన కంఠతా వచ్చు కాబట్టి చెప్పగలిగినాను. మన్ను చాలక దొరికిన రాళ్లన్నీ పైన పేర్చినాం.

యూనివర్సిటీలో ఇది చెప్పినప్పుడు మా సార్ సంతోషించినారు. ఆయనది కోస్తా. "మహిళలు దారిని సాధించుకున్నారు. మంచి ఫలితమమ్మా, అలాగే రాయండి" అన్నారు. ఆడవాళ్లు శవాన్ని మోసుకుపోతే ఊరుకున్నారు, పూడ్చడానికి చెయ్యి సాయం రాలేదు, గుంతకు లోతు చాలలేదు అని రాసినాను. చివరి మాట అంశానికి సంబంధించింది కాదని కొట్టేసినారు. నేను దాన్ని తీయలేదు. మార్కులు తగ్గినాయి. అయినా చదువు చెప్పిన మనిషి, ఆయన కోసం ఇప్పటికీ ప్రార్థిస్తాను.

వాన పడినప్పుడల్లా అక్క పులివెందుల నుంచి వస్తుంది. ఇద్దరం మన్ను తట్టలెత్తుకుని పై వీధి గుండా పోతాం. అవ్వ తాత పక్కనే ఉంది, అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. మన్ను జారిన చోట పెట్టె మూల బయటపడి ఉంటుంది. అక్క దాని మీద రాయి పెడుతుంది, నేను ఇంకొకటి అందిస్తాను.