తల ఊపితే కదిలిన స్కాన్

2009లో ఏలూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఉండేదాన్ని. గ్లౌజులు తొడుక్కున్న సర్జన్ మౌస్ ముట్టుకోకూడదు, క్రిములు అంటుకుంటాయి. అందుకని కంప్యూటర్లో స్కాన్ బొమ్మలు తిప్పే పని నాది. "ఇంకొంచెం కిందకి సిస్టర్... అబ్బా, దాటించేశారు!" అని రోజూ చీవాట్లే.

మా కంప్యూటర్ ఇంజనీరు రాజేష్ ఒక వెబ్‌కెమెరా బిగించి, డాక్టరుగారి టోపీకి పసుపు స్టిక్కరు అంటించాడు. తల కుడికి వంచితే తర్వాతి బొమ్మ, ఎడమకి వంచితే ముందటిది. "గంగిరెద్దులా తలూపుతూ ఆపరేషన్ చేస్తారా అండీ?" అని నవ్వేశాను.

ఆ వారమే కొల్లేటికోట నుంచి పోతురాజు అనే జాలరిని తెచ్చారు. వల కట్టే వెదురు గెడ విరిగి తొడలో దిగబడింది. లోపల మిగిలిన ముక్క, కాలికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం పక్కనే ఉంది. అతని భార్య మంగ నా చెయ్యి వదల్లేదు.

"కాలు దక్కుతుందా సిస్టరమ్మా? నిలబడలేకపోతే దోనె ఎలా తోస్తాడండీ?"

"ప్రార్థన చేసుకో తల్లీ" అన్నాను.

కోసేసరికి రక్తం చిమ్మింది. డాక్టరుగారు ఎడమ చేత్తో నాళం అదిమిపట్టి, కుడి చేత్తో పటకారు అందుకున్నారు. అలాగే తల వంచారు. బొమ్మ కదిలింది! ఎవరూ ముట్టుకోలేదు. నలభై ఒకటో బొమ్మ దగ్గర ముక్క స్పష్టంగా కనబడింది.

అప్పుడే మత్తు డాక్టరుగారు, "రక్తం ఎక్కించమంటారా అండీ?" అన్నారు. ఈయన ఎప్పటిలాగే ఔనన్నట్టు తల అటూ ఇటూ ఊపి, పటకారు లోపలికి పోనిచ్చారు. తెర మూల బొమ్మ నంబరు చూశాను. నలభై నాలుగు! ఆ ఊపుడులో తల కుడికే ఎక్కువసార్లు వంగి, మూడు బొమ్మలు దాటిపోయాయి.

"ఆగండి డాక్టరుగారూ! అది ఇందాకటి బొమ్మ కాదు!"

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇంకాస్త పోతే నాళమే.

"ఔనంటే నోటితో అనండి. తల మాత్రం బొమ్మకే" అని గద్దించేశాను. అంత పెద్దాయన, "అలాగేనండి సిస్టర్" అన్నారు, మెడ కదపకుండా. తర్వాత వేలెడంత ముక్క బయటికొచ్చింది. పోతురాజు పాదం పట్టుకు చూశాను. వెచ్చగా ఉంది, నాడి కొట్టుకుంటోంది.

ఎంత గొప్ప యంత్రమైనా దానికి ముందు మన అలవాట్లు నేర్పాలని ఆ రోజు తెలిసింది. రాజేష్ మర్నాడే మార్చేశాడు, కాలికింద మీట నొక్కి ఉంచితేనే తల మాట వింటుంది.

బయట మంగ లేచి నిలబడింది. "కాలుందా అమ్మా?"

నోటితో అనమని డాక్టరుగారిని గద్దించిన నేనే, తల అటూ ఇటూ ఊపాను. అక్కడే కూలబడి ఏడ్చేసింది, సంతోషంతో.