సారంగపాణి ఎలుక

మా కాశిబుగ్గలో గ్యాసు స్టవ్‌కు ఏ రోగమొచ్చినా మెకానిక్ సారంగపాణి చెప్పే కారణం ఒక్కటే: ఎలుక. మంట రాకపోతే ఎలుక. ఎక్కువొస్తే ఎలుక. నాబ్ ఊడి చేతికొచ్చినా, "ఎలుక తిప్పి ఉంటది సార్" అనేవాడు, మొహంలో నవ్వన్నదే లేకుండా.

అలాగని పని రానివాడు కాదు. ఇంట్లో అడుగుపెట్టగానే రెగ్యులేటర్ కట్టేసేవాడు, కిటికీలు బార్లా తెరిచేవాడు, లైటు స్విచ్ జోలికి ఎవరైనా పోతే మీద పడ్డంత పని చేసేవాడు. ట్యూబుకు సబ్బునురగ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని పిల్లి కాచినట్టు కాచేవాడు. ఒకసారి నేను తెలివిగా అగ్గిపెట్టె అందించాను.

"అగ్గిపుల్ల గీకితే లీకు దొరుకుతది సార్. మనమే దొరకం."

ఎనభై రెండులో మా ఇంటికి గ్యాసు వచ్చింది. కట్టెల పొగకు నా భార్య నిర్మల దగ్గి దగ్గి సగమైంది. ఆమె కోసమే తెచ్చాను. మా అమ్మ లక్ష్మీనర్సమ్మకు మాత్రం సిలిండర్‌ను చూస్తేనే గుండెదడ. నెల తిరక్కముందే నిర్మల పాలు పొంగించి బర్నర్‌ను ముంచేసింది.

"ఎవలు జేసిండ్రిది?" అమ్మ గొంతు వాడంతా వినిపించింది.

సారంగపాణి మాడిన మీగడను గోటితో గీకుతూ, "ఎలుకమ్మా. గిన్నె మీది మూత జరిపింది" అన్నాడు.

అమ్మ నమ్మలేదు. కానీ తిట్టడానికి ఎలుక దొరకలేదు. "ఇంకొక్కసారి ఖరాబైతే సిలిండర్ వాపస్. మళ్ల కట్టెల పొయ్యే" అని తీర్పు చెప్పింది. అమ్మ మాటంటే మాటే. నాకు భయం పట్టుకుంది.

శ్రావణ శుక్రవారం నాడు ఆ ఒక్కసారి రానే వచ్చింది. మంట పసుప్పచ్చగా, పొడుగ్గా లేచింది. గిన్నెల నిండా మసి. సారంగపాణి వచ్చేసరికి అమ్మ కట్టెలమ్మే మొగిలికి కబురు కూడా పంపేసింది. నిర్మల కళ్లలో నీళ్లు.

సారంగపాణి బర్నర్ ఎత్తి వెలుతురుకు పట్టాడు. తొర్రల్లో గట్టిపడిన పసుపు, దానిపైన కుంకుమ. మట్టిపొయ్యికి పెట్టినట్టే దీనికీ బొట్లు పెట్టి మొక్కే మనిషి మా ఇంట్లో ఒక్కరే. అందరం అమ్మ వంక చూశాం. అమ్మ కొంగు సర్దుకుంది.

"ఎలుకే" అన్నాడు సారంగపాణి.

నేను ఉండబట్టలేక, "పసుపు గూడ ఎలుకే పెడ్తదా?" అన్నాను.

"శుక్రారం గద సార్. మీ ఇంట్ల ఎలుకలకు భక్తెక్కువ." సూదితో తొర్రలు శుభ్రం చేస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఆ ఎలుకకు జర చెప్పుండ్రమ్మా. తొర్రలు మూసుకపోతే గాలాడక మసి కొడ్తది. బొట్టు స్టవ్ కాళ్లకు పెట్టుమనుండ్రి."

బర్నర్ బిగించి వెలిగించాడు. మంట నీలంగా, బుద్ధిగా వచ్చింది. అమ్మ కాసేపు దాన్నే చూసి, కోడలి వైపు తిరిగింది.

"పాలు పొంగిచ్చిన ఎలుక గూడ ఇసొంటిదేనా?"

నిర్మల తల దించుకుంది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది కోడళ్లకు పడాల్సిన తిట్లను ఈ మనిషి తన ఎలుకకు మళ్లించాడో నాకప్పుడు తెలిసింది. చేతులెత్తి మొక్కాలనిపించింది.

అంతలో వాకిట్లో మొగిలి బండి ఆగింది. "అమ్మా, కట్టెలు యాడ దించాలె?"

"ఎవలు రమ్మన్నరు నిన్ను?" అంది అమ్మ లోపలి నుంచే.

మొగిలి బిత్తరపోయాడు. "మీరే గదమ్మా కబురంపింది!"

"నేనెందుకు పంపుత రా?" అంది అమ్మ, చాయకు నీళ్లు పెడుతూ. "ఎలుక పంపి ఉంటది."