క్యారవాన్ ఎక్కని లోయ

మా లొకేషన్ మేనేజర్‌గారు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన చెవి గోక్కోవడం. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో దర్శకుడు ఏ కొండల ఫొటో చూసి మురిసిపోయినా, ఈయన చెవి గోక్కుని, "బావుంటుందండీ. కాకపోతే క్యారవాన్ ఎక్కదు" అనేవారు. అంతటితో సరి. హీరోగారి ఏసీ బస్సు ఎక్కని కొండ భూమ్మీద ఉన్నా లేనట్టే.

నేనప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ఆయన అలా కొట్టిపారేసిన లోయ ఒకటి అరకు అవతల ఉంటే, సెలవు దొరికినప్పుడు వెళ్లి చూశాను. నున్నటి తారురోడ్డు. సిమెంటు లారీలే ఎదురొస్తున్నాయి.

తిరిగొచ్చి కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఆయన్ని నిలదీశాను. ఈసారి చెవి గోక్కోలేదు.

"మొదట్లో నేను చూపించిన ఊళ్లో, ధింసా ఆడే ముసలమ్మలకి మనవాళ్లు తలనిండా ఈకలు పెట్టారయ్యా. గిరిజనుల్లా లేరంట. ఒకావిడ నన్నే అడిగింది, 'మేమేటి కోళ్లమా బాబూ?' అని."

మర్నాడు మీటింగులో నిర్మాత నావైపు తిరిగారు.

"నువ్వా లోయకి వెళ్లొచ్చావటగా, రోడ్డెలా ఉంది?"

మేనేజర్‌గారు టీ గ్లాసులోకి చూస్తున్నారు. నా చెవి దురద పెట్టింది.

"క్యారవాన్ ఎక్కదండీ" అన్నాను.

చివరికి ఆ లోయని ఇక్కడే సెట్ వేశారు. కృష్ణానగర్ డాన్సర్లని పిలిపించి అందరికీ ఈకలు పెట్టారు. ఎలా ఉందని దర్శకుడు అడిగితే, మా మేనేజర్‌గారు చెవి గోక్కుని, "అచ్చం అలాగే ఉందండీ" అన్నారు.