పడ్డ మంచు, పడే మంచు

నా డైరీలో ఏ రోజైనా మొదటి వాక్యం వాతావరణం. నీటిపారుదల శాఖలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరిననాటి అలవాటు అది. ఎండ, మబ్బు, ముసురు, ఈదురుగాలి, ఏదుంటే అది రాశాకే మనుషుల సంగతికి వస్తాను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గర ఉందామని సింగపూర్ వచ్చిన తొలి ఏడాదే ఈ అలవాటుకు గడ్డుకాలం వచ్చింది. "పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, ఉక్క." మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఒక రబ్బరు స్టాంపు చేయించుకుంటే సిరా కలిసొస్తుందని మా ఆవిడతో అన్నాను.

"చేయించుకోండి. పనిలో పనిగా ఇంకోటి కూడా చేయించుకోండి. 'ఈ రోజూ అల్లుడుగారు ఆలస్యంగా వచ్చారు' అని. పేజీ నిండిపోతుంది" అంది.

అల్లుడుగారిది వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ వాళ్ళను కంపెనీలు మగపెళ్ళివారిలా చూసుకుంటున్న రోజులవి. సెంగ్‌కాంగ్‌లో మా చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు దాదాపు అన్నిటిదీ అదే బతుకుతెరువు. భూమధ్యరేఖ పక్కన కాపురం పెట్టి, ఆఫీసులో ఏసీ చలికి స్వెటర్ వేసుకుని, బయటికొచ్చి ఉక్కకు అదే స్వెటర్ విప్పుకుని, డిసెంబరు రాగానే అందరూ చలిని వెతుక్కుంటూ యూరప్ పోయేవారు. చలే కావాలంటే ఆఫీసులోనే ఇంకాసేపు కూర్చోవచ్చు కదా అని అడిగాను ఒకసారి. "చేంజ్ కోసం మావయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. కిందటేడు పక్క బ్లాకు వాళ్ళు వెళ్ళొచ్చారన్న అసలు సంగతి మా అమ్మాయి వంటింట్లో చెప్పింది.

మా ఆవిడకు మాత్రం సొంత కారణం ఒకటుంది. ఒక షాపింగ్ మాల్ ముందు క్రిస్మస్ సంబరాల పేరుతో సాయంత్రం పూట ఉత్తుత్తి మంచు కురిపించేవారు. మైకులో పాటలు, పైనుంచి యంత్రం తెల్లటి నురగ చిమ్మడం, కింద పిల్లల గంతులు. మా మనవరాలు వాళ్ళ అమ్మమ్మను చెయ్యి పట్టుకుని సరిగ్గా ఆ యంత్రం కిందికి లాక్కెళ్ళింది. నురగ వచ్చి ఆవిడ కంట్లో పడింది.

"సబ్బు!" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మంచని చెప్పి నెత్తిన సబ్బునీళ్ళు పోశారే!"

"ప్రిటెండ్ స్నో లా, అమ్మమ్మా" అంది మనవరాలు, మాట చివర "లా" తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో.

"ఉత్తుత్తిది నాకెందుకే? నిజం మంచు పడుతుంటే చూడాలి నాకు."

ఆవిడ కోరికలు కోరే మనిషి కాదు. చీరల కొట్లో కూడా "మీ ఇష్టం" అనే రకం. అందుకని ఆ ఒక్క మాటా ఇంట్లో అందరికీ పట్టుకుంది. అల్లుడుగారికైతే వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఆ వారంలోనే యూరప్ టికెట్లు తీసేసి, ఫోన్ చేసిన వాళ్ళందరికీ "అత్తయ్యగారి కోసం వెళ్తున్నామండీ, పాపం స్నో చూడాలట" అని చెప్పుకున్నారు.

చలికోట్లు కొనలేదు. సింగపూర్ తెలుగువాళ్ళెవరూ కొనరు. ఎవరో ఎప్పుడో కొన్న కోట్లు ఇల్లిల్లూ తిరుగుతుంటాయి, పెళ్ళి వంటలకు గుండిగలు తిరిగినట్టు. నా వంతుకు ఒక మెరూన్ రంగు కోటు వచ్చింది. ఎవరింటి ఆల్బం తీసినా ఈఫిల్ టవర్ ముందు ఆ కోటు నిలబడి ఉంటుంది. లోపలి మనిషి మాత్రం మారుతుంటాడు. నాకంటే ఎక్కువ దేశాలు చూసిన కోటు కాబట్టి దాన్ని కాస్త గౌరవంగానే తొడుక్కున్నాను. జేబులో చెయ్యి పెడితే ఎవరో నమిలి కాగితంలో చుట్టిన చూయింగ్ గమ్ తగిలింది. సింగపూర్‌లో అమ్మనివ్వని వస్తువు. ఎవరో పెద్దమనిషి యూరప్‌లో స్వాతంత్ర్యం అనుభవించి, ఉమ్మెయ్యడానికి ధైర్యం చాలక జేబులో దాచుకున్నట్టున్నాడు.

ప్రయాణ ప్రణాళిక అల్లుడుగారి కంప్యూటర్లో రంగురంగుల గళ్ళలో ఉండేది. పద్ధతంటే ప్రాణమిచ్చే నాకే దాన్ని చూస్తే దడ పుట్టింది. మ్యూజియంకు ఒక గడి, చర్చికి ఒక గడి, వంతెన మీద ఫోటోకు ఒక గడి. మరుగుదొడ్డికి గడి లేదు. నా వయసు మనిషికి ఆ ఒక్క గడీ ఇచ్చి మిగతావన్నీ తీసేసినా ఫరవాలేదు.

పారిస్‌లో తుంపర. బ్రస్సెల్స్‌లో ముసురు. ఆమ్‌స్టర్‌డామ్‌లో చెవులు కోసే గాలి. నా డైరీకి పండగే పండగ. మా ఆవిడకు మాత్రం, అల్లుడుగారు ఊరూరా "ఇక్కడ గ్యారంటీ" అంటున్నా, ఎక్కడికి వెళ్ళినా ఒకటే కబురు. మేము దిగేసరికి హోటల్ గుమాస్తా "మొన్ననే పడిందండీ" అనేవాడు. పెట్టెలు సర్దుకుని బయల్దేరుతుంటే "రేపు పడుతుందట" అనేవాడు. మా ఊళ్ళో గ్యాసు బండ గురించి ఇలాగే చెప్పేవారు.

జర్మనీలో రైలు వెళ్తుండగా కిటికీ బయట పొలాలన్నీ తెల్లగా కనిపించాయి. అల్లుడుగారు సీట్లోంచి లేచి నిలబడ్డారు.

"అత్తయ్యగారూ, అదిగో మంచు! చూసేశారు!" అన్నారు, ఆఫీసులో ఒక పని ముగించి చేతులు దులుపుకున్నంత సంబరంగా.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. "అది పడ్డ మంచు బాబూ. పడే మంచు కాదు."

"రెండూ ఒకటేగా అత్తయ్యగారూ."

"మర్నాడెళ్ళి పందిరి చూసొచ్చి, పెళ్ళి చూశానంటారా?"

అల్లుడుగారు కూర్చున్నారు. మా మనవరాలికి ఇంకో సందేహం వచ్చింది. "అమ్మమ్మా, వై ఎవ్రీథింగ్ ఆల్సో మంచు? ఫాగ్ ఆల్సో మంచు, స్నో ఆల్సో మంచు, గ్రాస్ మీద వాటర్ ఆల్సో మంచు. సో కన్ఫ్యూజింగ్ లా!"

"మనకున్నది ఒక్కటే మాటే తల్లీ. పొదుపుగా అన్నిటికీ వాడుకుంటాం" అంది ఆవిడ.

అలా తిరిగి తిరిగి చివరి మజిలీకి స్విట్జర్లాండ్‌లో కొండ కింద ఒక చిన్న ఊరికి చేరాం. మర్నాడు తిరుగు విమానం. అంటే ఆవిడ కోరికకు మిగిలింది ఆ ఒక్క రోజే. పైకి ఎవరూ అనలేదు గానీ పొద్దున్నుంచీ అందరం ఆకాశం వంకే చూస్తున్నాం. అది మబ్బు పట్టి, పెద్ద ఆఫీసరులా ఏ సంగతీ తేల్చకుండా ఉంది. మధ్యాహ్నం కేబుల్ కారులో కొండెక్కడానికి టికెట్లు ముందే తీసి ఉన్నాయి. "పైన గ్యారంటీ అత్తయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. అంతకుముందు ఆయన గ్యారంటీ ఇచ్చిన ఊళ్ళు ఎన్నో నేను పైన రాశాను.

కొండెక్కే ముందు కాఫీ తాగుదామని వీధి చివర ఒక హోటల్లోకి వెళ్ళాం. అద్దాల కిటికీ పక్కన రెండు కుర్చీలున్న చిన్న బల్ల ఒకటి ఖాళీగా ఉంది. మా ఆవిడ మోకాళ్ళు అప్పటికే సమ్మె కట్టాయి. మా అమ్మాయి చటుక్కున వెళ్ళి ఆ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టింది. ఏ కేకు కావాలో చూపించడానికి అమ్మనూ నన్నూ కూడా గాజు అల్మారా దగ్గరికి తీసుకెళ్ళింది.

ఈ టిష్యూ ప్యాకెట్ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. సింగపూర్ హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, ముందు ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఆ తర్వాతే వరసలో నిలబడతారు. చోప్ చెయ్యడం అంటారు దీన్ని. ఇక ఎంతటివాడైనా ఆ కుర్చీ జోలికి రాడు. మన బస్సుల్లో కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టే. కాకపోతే మన దగ్గర తువ్వాలు తర్వాత జరిగే యుద్ధం అక్కడ జరగదు.

మేము కేకులు చెప్పి వెనక్కి తిరిగేసరికి ఆ బల్ల దగ్గర ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మా ఆవిడ ఈడే ఉంటుంది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. మా టిష్యూ ప్యాకెట్ చింపి, ఒకటి తీసుకుని, తీరిగ్గా ముక్కు చీదుకుంటోంది.

మా అమ్మాయి నిలువునా నీరైపోయింది. "అదేంటి! నేను చోప్ చేశాను కదా! అది మన టేబుల్!"

"మమ్మీ, షీ డోంట్ నో లా" అంది మనవరాలు. "షీ థింక్ ఫ్రీ టిష్యూ."

ముసలావిడ మమ్మల్ని చూసి, ప్యాకెట్ పైకెత్తి చూపించి "డాంకే, డాంకే" అంది. వచ్చినవాళ్ళ జలుబు కనిపెట్టి మరీ టిష్యూలు పెట్టే హోటళ్ళు ఉన్నందుకు ఆమె ముఖంలో నిజంగా కృతజ్ఞత కనిపించింది. తర్వాత మా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ తీరు చూసి, ఎదుటి కుర్చీని కాలితో బయటికి తోసి, కూర్చోమన్నట్టు దాన్ని తట్టింది. మా ఆవిడ వెళ్ళి కూర్చుంది. మిగతా అందరం నిలబడే కాఫీ తాగాం. ఆ నీళ్ళ కాఫీకి అంతకంటే మర్యాద అక్కర్లేదు.

కేబుల్ కారుకు వేళైంది. మా ఆవిడ లేవలేదు.

"నేను రానమ్మా. మీరు వెళ్ళిరండి."

"అమ్మా! నీ కోసమేగా ఇంత దూరం వచ్చింది!"

"నా కోసమే అయితే నన్నిక్కడ కూర్చోనియ్యండి. మోకాళ్ళు ఇక ఎక్కనంటున్నాయి."

"అత్తయ్యగారూ, ఇదే లాస్ట్ చాన్స్. పైన కచ్చితంగా ఉంటుంది" అన్నారు అల్లుడుగారు. గొంతులో మొదటిసారి గ్యారంటీ కాకుండా బతిమాలడం వినిపించింది. గళ్ళన్నీ నిండాయి గానీ అత్తగారి గడి మాత్రం ఖాళీగా ఉందని ఆయనకూ తెలుసు.

"పడితే ఇక్కడే పడుతుంది, లేకపోతే లేదు" అంది ఆవిడ. నేను పక్కన కూర్చోబోతే ఒప్పుకోలేదు. "మీరు వెళ్ళండి. పైన ఏముందో తీరుగా చెప్పగలిగింది ఆ గుంపులో మీరొక్కరే."

నలభై ఏళ్ళు డైరీ రాసినందుకు నాకు దక్కిన మెప్పు అదొక్కటే. పొంగిపోయి మెరూన్ కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్ళాను.

కొండ మీద మంచు ఉంది. చాలా ఉంది. దట్టంగా పట్టేసి, ఎదురుగా నిలబడ్డ అల్లుడుగారి ముఖం కూడా కనిపించనంత ఉంది. కటకటాల అవతల ఏముందో చెప్పడానికి ఒక ఇత్తడి పలక మీద శిఖరాల బొమ్మలన్నీ చెక్కి పెట్టారు. అల్లుడుగారు దాని మీద వేలు పెట్టి, ఆ వేలినే తెల్లటి శూన్యంలోకి చాపి, "అటు ఆ శిఖరం మావయ్యగారూ, ఇటు హిమానీనదం" అని చూపించారు. గుళ్ళో తెర వేసి ఉన్నప్పుడు పూజారి లోపలి అలంకారం వర్ణించినట్టుంది. మేము ఫోటోలు దిగాం. మనవరాలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇంతలో గాలి లేచిందని కేబుల్ కారు ఆపేశారు. మేము ఆ తెల్లదనంలోనే, దిగే దారి లేక, మిగిలిన మధ్యాహ్నమంతా గడిపాం.

కిందికి వచ్చేసరికి గాలి లేదు, ఏమీ పడటం లేదు. కానీ వీధి మారిపోయి ఉంది. సైకిళ్ళ సీట్ల మీద, పూలకుండీల అంచుల మీద, హోటల్ బయటి బల్లల మీద, దేని కొలతకు దానికి తెల్లటి దుప్పటి పరిచినట్టుంది. మేము పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళాం. ఆవిడ అదే కుర్చీలో ఉంది. ముసలావిడ వెళ్ళిపోయింది. మా ఆవిడ జుట్టు తడిసి ఉంది.

"పడిందా?" అన్నాను.

"పడింది."

అంతే అంది. కొంగుతో జుట్టు తుడుచుకుంటూ తనే మొదలుపెట్టింది. "చప్పుడు లేదండీ. వానైతే చెప్పి పడుతుంది. ఇది, ఎవరో పైన కూర్చుని దూది ఏకుతున్నట్టు, తొందరేం లేకుండా పడుతుంది. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. నాలిక చాపమంది."

"నాలికా?" అంది మా అమ్మాయి.

"తను చాపి చూపించింది. నేనూ చాపాను. నడివీధిలో ఇద్దరు ముసలాళ్ళం నాలికలు చాపుకుని నిలబడ్డాం."

"ఏం మాట్లాడుకున్నారు?" అన్నాను.

"ఆవిడ వాళ్ళ భాషలో ఏదో అంది. నేను 'అవునమ్మా, మాకూ అంతే' అన్నాను."

అల్లుడుగారు మెడలో కెమెరా తడుముకున్నారు. "అయ్యో, ఒక్క ఫోటో కూడా లేదా అత్తయ్యగారూ!" ఆయన బాధ నటన కాదు. సాఫ్ట్‌వేర్ కుటుంబంలో ఫోటో లేని సంగతి జరగని సంగతి కిందే లెక్క.

"మీరు చూశారా మంచు?" అని అడిగింది నన్ను.

"చూశాం. ఇంకేమీ కనిపించనంత చూశాం" అన్నాను. ఆమెకు అర్థమై, కాఫీ కప్పు వెనక ముఖం దాచుకుని చాలాసేపు నవ్వింది. చూడనిది రాయకూడదని నా నియమం. అందుకని ఆ రోజు డైరీలో వాతావరణం దగ్గర "పైన మంచు. కింద మంచు" అని రాసి ఊరుకున్నాను. మాట ఒక్కటే ఉండటంలో ఒక సుఖముంది. పరువు దక్కుతుంది.

సింగపూర్ చేరాక ఆనవాయితీ ప్రకారం ఇరుగుపొరుగు తెలుగువాళ్ళను భోజనానికి పిలిచి, టీవీలో ఫోటోలు చూపించారు. చివర్లో కొండ మీది ఫోటోలు వచ్చాయి. వరసగా తెల్లటి చతురస్రాలు, ప్రతి దాని మధ్యలో మెరూన్ కోటు. "అబ్బ, ఎంత స్నో అండీ!" అంది పక్క బ్లాకు ఆవిడ.

"నాట్ స్నో లా ఆంటీ, ఓన్లీ ఫాగ్" అంది మా మనవరాలు. ఈ కాలం పిల్లలకు రెండు మాటలుండటం వల్ల వచ్చే నష్టమిదే.

అల్లుడుగారు గబగబా తర్వాతి ఫోటోకు వెళ్ళబోయారు. పక్క బ్లాకు ఆవిడ వదలలేదు. వంటింట్లోంచి పెరుగు గిన్నెతో వస్తున్న మా ఆవిడను పట్టుకుంది. "మరి ఆంటీ, మీరు స్నో చూడ్డానికే వెళ్ళారటగా? మీ స్నో ఏదండీ? ఇందులో లేదే!"

మా ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టింది. నిండు సభలో నాలిక బయటికి చాపి, వేలితో దాని కొస చూపించింది.

"ఇక్కడ పడింది" అంది. "పెరుగు వెయ్యనా?"